పలకని నాలుగో చక్రం

"ఎవరో మేడమ్ గారండి. ఆల పాత అల్లుళ్ళు నలుగురినీ కొత్త జీపుకి ఎక్కించాలంట. ఎప్పుడు తెమ్మంతారని అడిగినారు," అంటూ గురువులు ఫోను పెట్టేశాడు.

దేవుడి పటం ముందు అగరొత్తులు తిప్పుతున్న కృష్ణంరాజు చెయ్యి గాల్లో ఆగిపోయింది. మధురవాడ హైవే పక్కన ఆయన నడుపుతున్నది టైర్లూ చక్రాలూ బిగించే దుకాణం. అల్లుళ్ళను ఎక్కించే సదుపాయం అందులో లేదు.

"మనది ట్రావెల్స్ కాదని చెప్పలేకపోయావా?"

"తెచ్చీయండి, ఎక్కించీదుం అనీసినానండి. నలుగురూ బాగా పాతబడిపోనారంట. ఓసారి తోమి, గాలి కొట్టి మరీ ఎక్కించాలంట."

బ్యాలెన్సింగ్ మిషన్ దగ్గరున్న ఇమ్రాన్ కడుపు పట్టుకుని కూలబడ్డాడు. రాజుగారు కూడా దేవుడికి వీపు తిప్పి మరీ నవ్వారు. గురువులు ముందు ఆయన మొహం చూశాడు, తరవాత ఇమ్రాన్ మొహం చూశాడు. ఇద్దరూ నవ్వుతున్నారని రూఢి చేసుకున్నాక, పాట అయిపోయాక చప్పట్లు కొట్టినవాడిలా, తనూ నవ్వాడు.

అరగంటలో హైవే దిగి ఒక లగేజీ ఆటో వచ్చింది. అందులో గోనెసంచులు పరుచుకుని, వెండిరంగు వెలిసిన నాలుగు పాత అలాయ్ చక్రాలు కూర్చున్నాయి. వెనకే కొండలూ గుట్టలూ ఎక్కే కొత్తరకం జీపు ఒకటి వచ్చి ఆగింది. దాన్ని నడుపుకొచ్చినావిడ పేరు అనూరాధ, రుషికొండలో ఏదో కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం.

"పాత అలాయ్‌ల గురించి ఫోన్ చేసింది నేనేనండి," అంది.

ఇమ్రాన్ మళ్ళీ కూలబడ్డాడు. "మావా, నీ అల్లుళ్ళు ఒచ్చీసినారు. కాళ్ళు కడుగు."

గురువులు హాస్యానికి మధురవాడలో మంచి పేరుంది. ఒకసారి రాజుగారు "పంపు కట్టు" అంటే "పాము కాటా? ఎవురికండి?" అంటూ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఎవరో పెద్దమనిషి కారు దిగి "అలైన్‌మెంట్" అనగానే "అల్లం, మెంతులు పక్క కొట్లో దొరుకుతాయి బాబూ" అని దారి చూపించాడు. కరోనా రోజుల్లో, అందరూ మూతులకు గుడ్డలు కట్టుకు తిరిగినన్నాళ్ళూ, ఆయన చమత్కారానికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. ఏ బేరం వచ్చినా ఇమ్రాన్ పని ఆపుకుని ఆయన నోటివైపే చూసేవాడు.

గురువులు మాత్రం ఎదుటివాళ్ళ నోటివైపు చూసేవాడు. ఎందుకంటే గురువులుకి వినపడదు. ఫోను చెవికి అదిమిపెట్టుకుంటే ఏవో ముక్కలు అందుతాయి, మిగతావి ఊహించుకుంటాడు.

మనిషి ఒక్కడే అయినా పేరు బహువచనం. భీమిలి అవతల తీరం మీద, వేటకు పోయే ఇంట్లో పుట్టాడు. పడవెక్కితే చాలు, సముద్రం పైకి లేచినప్పుడల్లా కడుపు కూడా లేచేది. తండ్రి రెండేళ్ళు చూసి, వీడు చేపలు పట్టడం మాట దేవుడెరుగు, చేపలకు మేత వేస్తున్నాడని ఒడ్డున దింపేశాడు. అలలు పడక అలాయ్‌లకు వచ్చాడన్నమాట. మొదట గాజువాకలో, స్టీలు ప్లాంటుకు తిరిగే లారీల టైర్లు విప్పాడు. అక్కడే గాలితో నట్లు బిగించే గన్ను చేతికొచ్చింది. ఆ గన్నుకు గుండు ఉండదు, గురి మాత్రం తప్పదు. రోజుకు కొంచెం కొంచెంగా చెవులను కాల్చుకుంటూ పోయింది. ఇప్పుడు చెవులు ఉన్నచోటే ఉన్నాయి, వినికిడే ఊరొదిలి వెళ్ళిపోయింది.

యాభై దాటిన మనిషి. పొట్టిమెడ, పీచుతాడులాంటి చేతులు, ఎడమ మోచేతి మీద జాకీ జారినప్పటి మచ్చ. ఒకచోట నిలబడలేడు. పని లేకపోయినా బండి చుట్టూ తిరుగుతాడు, తిరగకపోతే కుడి బొటనవేలు తొడ మీద తాళం వేస్తుంటుంది. భార్య గంగాలమ్మకు తప్ప సంగతి ఎవరికీ తెలియదు. ఆమె ఆయన్ని పిలవాలంటే భుజం మీద రెండుసార్లు తడుతుంది. చెవులు పోయాయని తెలిస్తే రాజుగారు చక్రం ముట్టుకోనివ్వరు. అదొక్కటే గురువులు భయం. జీతం మానేస్తారని కాదు, రాజుగారు అలాంటివారు కారు. పని మానిపిస్తారని. అందుకే ఒకప్పుడు పొరపాటున పేలిన మాటకు అందరూ నవ్వితే, ఆ నవ్వు కింద దూరి దాక్కున్నాడు. ఆ గొడుగు ఇన్నాళ్ళూ బాగానే కాసింది.

జీపు జాకీల మీదికి లేచింది. దానితో వచ్చిన నల్లచక్రాలు గ్యాస్ పొయ్యి బర్నర్లలా ఉన్నాయని అనూరాధ మొహం చిట్లించింది. పాత జీపును అమ్మేసిందట, చక్రాలను మాత్రం అమ్మలేకపోయిందట. "అవి నాతో లంబసింగి, మారేడుమిల్లి అన్నీ తిరిగాయండి. వాటిని పరాయి బండికి ఎలా ఇస్తాను?" అంది రాజుగారితో.

పాత చక్రం కొత్త బండికి సరిపడుతుందో లేదో చూడటం సంబంధం చూడటం లాంటిదే. బోల్టుల వరస కలవాలి, మధ్య కన్నం కుదరాలి, లోపల బ్రేకుకు తగలకూడదు. గురువులు ఒక్కో చక్రాన్నీ ఎత్తి, ఇరుసు చివరి హబ్బుకు ఆనించి, చేత్తో తిప్పి చూశాడు. అన్నీ కలిశాయి, నట్లు తప్ప. పాత నట్లు కొత్త బోల్టుల మరకు ఎక్కలేదు. కొత్త జీపు నట్లే వాడాలి. అవి తల మూసి ఉన్న టోపీ నట్లు.

వెనక ఎడమవైపు చక్రం దగ్గర ఆయన వంగి ఉండగా, అనూరాధ వచ్చి వెనక నిలబడింది.

"ఇదొక్కటి మాత్రం అసలుది కాదండి. తగరపువలస దగ్గర గోతిలో పడి పగిలిపోతే, పాత సామాన్లవాళ్ళ దగ్గర అచ్చం ఇలాంటిదే వెతికించి వేయించాం. కొంచెం చూసి బిగించండి."

నేల మీద ఆమె నీడ, దానిలో చక్రాన్ని చూపిస్తున్న వేలు గురువులుకి కనిపించాయి. మొహం కనిపించలేదు.

"అవునమ్మా," అన్నాడు.

నట్లు బిగించడం అయ్యాక గురువులు పద్ధతి ఒకటుంది. ఇమ్రాన్ టార్క్ రెంచి వేసి, బిగువు సరిపోయిందని అది టక్కుమనేదాకా తిప్పి వదిలేస్తాడు. గురువులు అంతటితో వదలడు. జేబులోంచి జానెడు ఇనపకడ్డీ తీసి ఒక్కో నట్టు మీదా కొడతాడు. చక్రం హబ్బును కరుచుకుని ఉంటే ఖంగుమని పలుకుతుంది, లేకపోతే తడిసిన చెక్కలా ఊరుకుంటుంది. గాజువాకలో నేర్చుకున్న విద్య. నట్టు జారితే బండి నట్టడవిలో దింపుతుందని చెప్పి మరీ కొడతాడు. చెవులు పోయాక ఆ ఖంగును ఎడమ అరచేత్తో వింటున్నాడు. చెయ్యి రిమ్ము మీద పెట్టి కొడితే, పలికిన చక్రం అరచేతిలో తూనీగలా వణుకుతుంది. ఇన్నేళ్ళలో అది అబద్ధం చెప్పలేదు.

మూడు చక్రాలు వణికాయి. నాలుగోదాని మీద చెయ్యి వేసేసరికి, గాలి తగ్గి కాంప్రెసర్ దానంతటదే మొదలైంది. కింద నేల, నేల మీద జాకీ, జాకీ మీద జీపు, జీపుకున్న చక్రం అన్నీ వణికాయి. గురువులు కొట్టాడు. చెయ్యి వణికింది. కొట్టకుండా చూశాడు. అప్పుడూ వణికింది.

ఒక్కసారి చెయ్యెత్తి "ఆపు" అంటే ఇమ్రాన్ ఆపేస్తాడు. ఆపి, ఎందుకంటాడు. చప్పుడులో వినపడటం లేదని చెప్పుకునే మనిషికి నిశ్శబ్దంలోనైనా వినపడాలి కదా. ఆపాక చెయ్యెందుకు పెట్టావంటే, ఇంతమంది విన్నది నీకు వినపడలేదా అంటే ఏం చెప్పాలి? గురువులు కడ్డీ జేబులో పెట్టుకున్నాడు.

"ఓకేనా మావా?" అన్నాడు ఇమ్రాన్. ఆ మాటకు పెదాలు గుండ్రంగా తిరుగుతాయి, చదవడం తేలిక.

"ఓకే," అన్నాడు.

అనూరాధ చక్రాల ఫొటోలు తీసుకుని, తగరపువలసలో స్నేహితులు కలుస్తారనీ, అక్కణ్ణుంచి అందరూ కొండ మీది మట్టిదారికి పోతున్నారనీ, అందరికీ ఎదురుగా నిలబడి రాజుగారికి చెప్పి వెళ్ళిపోయింది.

జీపు హైవే ఎక్కింది. గురువులు బొటనవేలు తాళం మొదలెట్టింది.

పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుని మళ్ళీ కడుక్కున్నాడు. ఎవరిదో స్కూటరు టైరు విప్పబోయి, విప్పాల్సింది ముందుదా వెనకదా అని రెండుసార్లు అడిగాడు. ఇమ్రాన్ నవ్వడానికి సిద్ధపడి, నవ్వే మాటేమీ లేదని గ్రహించి ఊరుకున్నాడు. గురువులు దుకాణం చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, ఖాళీగా ఉన్న జాకీల మధ్య నిలబడ్డాడు. నాలుగో చక్రాన్ని ఎత్తినప్పుడు చేతులు కొంచెం ఎక్కువగా పైకి లేచాయి. అంటే అది కొంచెం తేలిక. చేతులకు అప్పుడే తెలిసిన సంగతి బుర్రకు ఇప్పుడు చేరింది. ఆవిడ వేలు పెట్టి చూపించింది కూడా ఆ చక్రాన్నే. వేలు చాలాసేపు అలాగే ఉంది. అంటే చాలా చెప్పింది. అంత మాటకు తాను "అవునమ్మా" అని ఊరుకున్నాడు.

"ఇమ్రానూ, ఆ మేడమ్‌కి ఓసారి ఫోన్ కొట్టు."

ఇమ్రాన్ కొట్టాడు. ఎత్తలేదు. మళ్ళీ కొట్టాడు.

"బండి నడుపుతూ ఉండి ఉంటుందిలే గురువులూ. సాయంత్రం తనే చేస్తుంది," అన్నారు రాజుగారు.

"సాయంత్రానికి కొండెక్కీత్తాదండి."

"ఏటి మావా, ఏ అల్లుడు అలిగినాడు?" అన్నాడు ఇమ్రాన్.

గురువులు నవ్వలేదు. వెళ్ళి ఇమ్రాన్ బైకుకు స్టాండు తీసి, తాను వెనక సీటు మీద కూర్చున్నాడు. ముందు ఎవరూ లేని బైకు మీద, వెనక కూర్చున్న ఆ మనిషిని చూస్తే మామూలుగా ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ మొహం చూశాక ఇమ్రాన్‌కి రాలేదు. తాళంచెవి తీసుకున్నాడు.

ఆనందపురం దాటేదాకా ఇమ్రాన్ ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. అతని హెల్మెట్టు అటూ ఇటూ కదలడం గురువులుకి కనిపిస్తోంది. జవాబుగా భుజం మీద వేలితో కొడుతున్నాడు. దాన్ని ఇమ్రాన్ తొందరపెట్టడం అనుకుని ఇంకా వేగం పెంచాడు. రోడ్డు పక్కన ఆగి ఉన్న ప్రతి బండికీ గురువులు తల తిరిగేది. పక్కకు ఒరిగిన జీపు, చుట్టూ మూగిన జనం. ప్రతి మలుపు ముందూ అదే కనిపించేది, మలుపు తిరిగితే కొబ్బరిబొండాల బండి ఉండేది.

తగరపువలస సంత దాటాక, టీకొట్టు ముందు నాలుగు జీపులు వరసగా కనిపించాయి. గ్లాసులు ఇచ్చేసి అందరూ బండ్లెక్కారు. ఇంజన్లు మొదలయ్యాయి. బైకు ఆగకముందే గురువులు దిగాడు, దిగడంలో చెప్పు ఒకటి ఊడింది. ఒంటిచెప్పుతో వెళ్ళి అనూరాధ జీపు ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తాడు.

"ఆపండమ్మా. అన్ని బళ్ళూ ఆపీయండి. మీ కాళ్ళట్టుకుంతాను, ఒక్క నిమిషం."

పొద్దున దుకాణంలో నోట్లోంచి రాని మాట అక్కడ రోడ్డు మీద, తెలియనివాళ్ళ ముందు వచ్చింది. ఒక్కో ఇంజనూ ఆగింది. గురువులుకి చప్పుడులో తేడా ఏమీ తెలియలేదు. పాదాల కింద నేల మాత్రం సద్దుమణిగింది. వెనక్కి వెళ్ళి ఎడమవైపు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి పెట్టి కొట్టాడు. ఇంకో నట్టు కొట్టాడు. అరచేతిలో ఏమీ లేదు. గోడ మీద కొట్టినట్టుంది.

జాకీ పెట్టి లేపి, చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని కుదిపితే ఊగింది. ఇమ్రాన్ మొహంలో రంగు పోయింది.

"నానే రెంచి ఏసినాను మావా. టక్కుమన్నాది."

"టక్కుమంతాది. ఇటు సూడు." గురువులు ఒక నట్టు విప్పి బోసినోరు తెరిచినట్టు చూపించాడు. ఆ చక్రం మిగతావాటి కంటే పలచన. దాంతో బోల్టు ఎక్కువ బయటికొచ్చింది. నట్టు తిరుగుతూ తిరుగుతూ, చక్రాన్ని అదమకముందే, దాని టోపీ లోపల బోల్టు కొన తగిలి ఆగిపోయింది. బిగిసింది నట్టూ బోల్టూ, మధ్యలో చక్రం కాదు. టోపీ నట్టు తన పేరు నిలబెట్టుకుని అందరికీ టోపీ వేసింది.

అనూరాధ ఆ ఊగే చక్రాన్నీ, ఎదురుగా ఉన్న కొండనూ చూసింది.

"ఇది వేరేదని చెప్పాను కదండీ. చూసి బిగించమని కూడా అన్నాను. మీరు అవునమ్మా అన్నారు."

ఈసారి గురువులు ఆమె మొహాన్నే చూస్తున్నాడు. ప్రతి మాటా అందింది. ఇక్కడ కూడా నవ్వించి తప్పించుకోవచ్చు. నోటిదాకా ఏదో వచ్చింది కూడా.

"నాకు సెవులు ఇనబడవమ్మా," అన్నాడు. "శానా ఏళ్ళయిపోనాది. మీరు ఎనకాతల నిలబడి సెప్పినారు. నాకు మీ నీడ ఒక్కటే కనబడ్డాది. తప్పు నాదే, ఈ కుర్రోడిది కాదు."

టీకొట్టువాడు గ్లాసులు కడగడం ఆపాడు. అనూరాధ ఆయనకు ఎదురుగా వంగి అంది, మామూలుగా కాకుండా పెదాలు విప్పి, నిదానంగా: "మరి ఇప్పుడు ఎలా తెలిసింది?"

"సెయ్యి పెట్టండమ్మా." పక్క చక్రం మీద ఆమె అరచెయ్యి పెట్టించి కడ్డీతో కొట్టాడు. ఆమె ఉలిక్కిపడి చెయ్యి తీసి, మళ్ళీ పెట్టింది.

జీపు వెనక తలుపుకు తగిలించి ఉన్న నల్లటి అయిదో చక్రాన్ని దించి, ఆ చోట బిగించారు. ముగ్గురు అల్లుళ్ళూ ఒక బర్నరూ. గురువులు కొట్టి చూశాడు. ఇమ్రాన్ కూడా చెయ్యి పెట్టి చూశాడు. ఇద్దరూ తలూపాక, అనూరాధ ఇంకోసారి కొట్టించుకుని తాను కూడా చూసుకుని బయల్దేరింది. కోప్పడలేదు. "థాంక్స్" అని మాత్రం అనలేదు. వెళ్ళేముందు పడిపోయిన చెప్పు తెచ్చి ఆయన కాలి దగ్గర పెట్టింది.

తిరిగొచ్చాక ఇమ్రాన్ దుకాణంలో రాజుగారి ముందు నిలబడి జరిగినదంతా చెప్పాడు. రాజుగారు గురువులు వైపు చూసి, ఇమ్రాన్ వైపు చూసి, గొంతు సవరించుకున్నారు.

"వినపడకపోవడమేంటి? నిన్నగాక మొన్న బ్యాలెన్సింగ్ అంటే బాలింతను ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నాడు కదా. ఎంత నవ్వాం."

"నాకు అలాగే ఇనబడ్డాదండి," అన్నాడు గురువులు.

"అల్లం మెంతులు?"

"అదీ అంతేనండి."

"పాము కాటు?" అన్నాడు ఇమ్రాన్ మెల్లిగా.

"కర్ర కూడా అట్టుకొచ్చినాను కదరా. జోకుకి ఎవుడైనా కర్ర అట్టుకొత్తాడేటి?"

ఇమ్రాన్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఎక్కడికో పోయింది. ఇన్నేళ్ళూ దుకాణంలో పగలబడి నవ్విన ప్రతి నవ్వూ మళ్ళీ మొదటినుంచి నవ్వుకోవాలి, ఈసారి నవ్వు లేకుండా. "ముందే సెప్పొచ్చు కద మావా," అన్నాడు.

"సెప్తే సక్రం ముట్టనిత్తారేటిరా?"

రాజుగారు కౌంటరు వెనకనుంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తుడిచి, జాకీల పక్కన నీడలో వేశారు. "ఇందులో కూచో గురువులూ. రేపట్నుంచి వాళ్ళు బిగిస్తారు, నువ్వు చూస్తూండు. జీతానికేం ఢోకా లేదు. చెవులకు మిషన్ కూడా పెట్టిద్దాం." మనస్ఫూర్తిగా అన్నారు. ఆ మాటలు వినపడాలని గట్టిగా కూడా అన్నారు.

గురువులు ఆయన మాట తీసెయ్యలేక కూర్చున్నాడు. వీపు కుర్చీకి ఆనలేదు. ఎదురుగా ఇమ్రాన్ ఎవరి కారుకో చక్రం ఎక్కించి, కాంప్రెసర్ ఆపి, రిమ్ము మీద చెయ్యి పెట్టి కొట్టి చూస్తున్నాడు. ఆయన లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి పంపు దగ్గర రంపపుపొట్టూ సబ్బూ వేసి మోచేతుల దాకా తోముకున్నాడు. నల్లచొక్కా మేకుకు తగిలించి, తెల్లచొక్కా తొడుక్కుని, "ఎల్లొత్తానండి" అన్నాడు. రాజుగారు ఫోనులో ఉండి తల ఊపారు. భీమిలి బస్సు రద్దీగా వచ్చింది. అందులో ఎక్కి నిలబడి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ వారం రాలేదు. రాజుగారు పంపిస్తే ఇమ్రాన్ ఆ ఊరు వెళ్ళాడు. గంగాలమ్మ ఇసకలోకి తీసుకెళ్ళి, తన తమ్ముడు ఎల్లారావు వలను కుడుతున్న మగాళ్ళ మధ్య కూర్చున్న భర్తను చూపించి, ఆయన భుజం మీద రెండుసార్లు తట్టింది. ఆయన తలెత్తి ఇమ్రాన్ నోటివైపు చూశాడు. ఇమ్రాన్ రమ్మని అడగకుండానే పక్కన కూర్చుని, చిక్కుపడ్డ తాడు ఒకటి కాసేపు విప్పి, టీ తాగి వచ్చేశాడు.

కాంప్రెసర్ తల మీద అన్నం వెచ్చగా ఉంటుందని గురువులు రోజూ అక్కడ పెట్టుకునే స్టీలు టిఫిను డబ్బా, వెళ్ళిపోయిన రోజు తినకుండా వదిలేసింది, ఇమ్రాన్ కడిగి మళ్ళీ అక్కడే పెట్టాడు. గాలి తగ్గి కాంప్రెసర్ మొదలైనప్పుడల్లా దాని మూత గలగలమంటూ దుకాణమంతా వినపడుతోంది.